గేటు లోపల మంచి కాపురం, గేటు బయట జాతీయ రహదారి: షాద్‌నగర్ వైపు విల్లా కాలనీపై సమీక్ష

కొత్తూరు దాటినప్పటి నుంచి షాద్‌నగర్ వరకు బెంగళూరు రహదారికి ఇరువైపులా కనిపించే విల్లా కాలనీల్లో ఒకదానిలో మేము కాపురం ఉంటున్నాము. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. నా ఉద్యోగం శంషాబాద్‌లో, మావారిది గచ్చిబౌలిలో. ఇల్లు కొనడానికో, అద్దెకు దిగడానికో ఇటువైపు చూస్తున్న బంధుమిత్రులు అడిగే ప్రశ్నలన్నింటికీ ఒకేచోట జవాబు చెప్పాలన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. కాలనీ పేరు మాత్రం రాయడం లేదు. ఇందులోని ఫిర్యాదుల్లో కొన్ని బిల్డరుకూ నివాసుల సంఘానికీ మధ్య ఇంకా తెగలేదు, పైగా ఇక్కడ చెప్పేదాంట్లో సగానికి సగం ఈ దారిలోని ఏ కాలనీకైనా వర్తిస్తుంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. షాద్‌నగర్‌ను తమ ఊరుగా చేసుకోగలిగిన కుటుంబానికి ఇది చాలా మంచి చోటు. కొండాపూర్ జీవితమే కొంచెం చవకగా, కొంచెం పచ్చగా దొరుకుతుందనుకుని వచ్చేవారు రెండేళ్లలో ఇల్లు అమ్మకానికి పెట్టడం మా వీధిలోనే చూశాను.

ఈ దారిలో ఇన్ని కాలనీలు ఎందుకు పుట్టుకొచ్చాయో తెలిస్తే ఇక్కడి మంచిచెడ్డలు సులువుగా అర్థమవుతాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన 111వ నంబరు జీవో, వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. శంషాబాద్ మండలంలోని పలు గ్రామాలు అందులోకి వచ్చాయి. ఆ తరువాత 2008లో శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చింది, 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది, ఔటర్ రింగు రోడ్డు గచ్చిబౌలిని దగ్గర చేసింది. దారి దగ్గరై, దగ్గరి భూమికి నిబంధనలు అడ్డొచ్చినప్పుడు కొనేవారి చూపు ఆ పరిధిని దాటి కొత్తూరు, నందిగామ, ఫరూఖ్‌నగర్ మండలాల మీద పడటం సహజమే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి షాద్‌నగర్ ప్రాంతం మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డి జిల్లాకు మారాక వెంచర్ల బోర్డుల మీద పాలమూరు ఊసే లేకుండా పోయింది. కాగితాల మీద జిల్లా మారింది గానీ ఇక్కడి మాట, తిండి, చుట్టరికాలు అన్నీ పాలమూరువే. హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికల ద్వారా వచ్చిన తొలి ముఖ్యమంత్రి రామకృష్ణారావుకు ఇంటిపేరైన బూర్గుల గ్రామం ఇక్కడికి దూరమేమీ కాదు. మా కాలనీలో ఆ ఊరి పేరు విన్న పిల్లలు ఎంతమందో అడగకపోవడమే మేలు.

ఇక ఇంటి సంగతి. పిల్లలున్న కుటుంబానికి గేటు లోపలి జీవితం నిజంగా హాయిగా ఉంటుంది, ఇందులో నాకు రెండో మాట లేదు. వీధులు ముప్పై అడుగుల వెడల్పుతో నేరుగా ఉంటాయి, ప్రతి మలుపు దగ్గరా వేగనిరోధకం ఉంటుంది, బయటి వాహనాలు రావు. సాయంత్రం ఐదున్నరకు బడి బస్సులు వచ్చి పిల్లలను దింపిన పది నిమిషాల్లో వీధి నిండా సైకిళ్లు తిరుగుతుంటాయి. అపార్టుమెంటులో ఉన్నప్పుడు మా చిన్నవాడిని కిందికి పంపాలంటే ఒకరు వెంట వెళ్లాల్సి వచ్చేది. ఇక్కడ వాడు చీకటి పడేదాకా ఏ ఇంట్లో ఉన్నాడో కనుక్కోవడమే మా పని. బ్యాడ్మింటన్ కోర్టు, ఈత కొలను, వ్యాయామశాల ఉన్నాయి. కొలను వేసవిలో సగం రోజులు మూసే ఉంటుంది, దానికి కారణం నీళ్ల దగ్గర చెబుతాను. క్లబ్‌హౌసు నిబంధనల పత్రం మాత్రం మా పెళ్లి ఆల్బమ్ కంటే బరువుగా ఉంటుంది. పచ్చికలో బంతి ఆడకూడదన్న నిబంధన ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, పిల్లలు దాన్ని రోజూ ఉల్లంఘిస్తున్నారు, పెద్దలు రోజూ చూడనట్టు నటిస్తున్నారు.

పెద్దవారి పరిస్థితి వేరు. మా అత్తమ్మ కల్వకుర్తి వైపు పల్లె నుంచి వచ్చారు. ఇల్లంతా తిరిగి చూసి ఆమె అన్న మొదటి మాట, "ఇల్లు మంచిగనే ఉంది గాని బిడ్డా, కూసుండనీకె అరుగే లేకపాయె." ఆ ఒక్క మాటలో ఈ ఇళ్ల నిర్మాణ లోపం మొత్తం ఉంది. ప్రతి ఇంటి ముందూ రెండు కార్లకు చోటు వదిలారు, మనిషి కూర్చుని దారిన పోయేవారిని పలకరించే చోటు వదల్లేదు. చివరకు కార్ల చోటులో ఒక నవారు మంచం వేసుకున్నాము. పక్కింటివాళ్లు మొదట వింతగా చూశారు. ఇప్పుడు వాళ్ల నాన్నగారు రోజూ ఆ మంచం దగ్గరికే వచ్చి కూర్చుంటున్నారు. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం అత్తమ్మకు ఎదురు లేదు. పువ్వు పేర్చడం తెలిసినవారు కాలనీలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే కావడంతో పళ్లేలు పట్టుకుని కోడళ్లందరూ మా ఇంటికే వస్తారు. గునుగు, తంగేడు కాలనీ ప్రహరీ అవతలి బీడుల నుంచి తోటపని చేసే ఆడవాళ్లు కోసుకొస్తారు. గునుగు పువ్వును రంగునీళ్లలో ముంచి, తొడిమలు సమంగా కత్తిరించి, వరుస వరుసకూ తంగేడు మార్చి పేరుస్తూ, కింది వరుస వదులైతే పైదంతా కూలుతుందని ఆమె ఒక్కొక్కరి చేయి పట్టుకుని చూపిస్తారు. ఆ బీడుల్లో ఇప్పటికే హద్దురాళ్లు పాతారు.

నిర్వహణ సేవల విషయానికి వస్తే నేను సగం మార్కులే ఇస్తాను. చెత్త రోజూ తీసుకెళ్తారు, వీధి దీపాలు వెలుగుతాయి, కరెంటు పోతే జనరేటరు అందుకుంటుంది, ఎలక్ట్రీషియన్ పిలిచిన రోజే వస్తాడు. వీటికి లోటు లేదు. చదరపు అడుగు లెక్కన వసూలు చేసే నెలవారీ రుసుము పెద్ద ఇళ్లకు ఏడున్నర వేలు దాటుతోంది. సంఘం వార్షిక ఆదాయం 20 లక్షల రూపాయలు మించి, ఒక్కో ఇంటి రుసుము నెలకు 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుందన్న సంగతి కొనేటప్పుడు ఏ సేల్స్ కుర్రాడూ చెప్పడు, మీరే అడగాలి. అలాగే ఇల్లు అప్పగించేటప్పుడు మన దగ్గర కట్టించుకున్న కార్పస్ నిధి, అంటే కాలనీ ముందు ముందు అవసరాల కోసం దాచే మూలధనం, సంఘం ఖాతాకు ఎప్పుడు మారుతుందో కాగితం మీద రాయించుకోవాలి. మా దగ్గర అది ఇప్పటికీ బిల్డరు చేతిలోనే ఉంది, ప్రతి సమావేశంలోనూ "వచ్చే నెల" అన్న జవాబే వస్తోంది. మా ఇంటి పడమటి గోడకు మొదటి వానాకాలమే చెమ్మ పట్టింది. ఇళ్లు కొనేవారి రక్షణకు వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, అదే రెరా ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. ఫోన్లు చేసినంతకాలం కదలని పని, చట్టంలోని ఆ సెక్షను పేర్కొంటూ రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాక కదిలింది. కాబట్టి నోటిమాటగా ఏదీ అడగవద్దని కొత్తవారికి నా సలహా.

గేటు దగ్గరి భద్రత గురించి కాలనీ చాలా గొప్పగా చెప్పుకుంటుంది. వచ్చేవారి పేరు, బండి నంబరు ఫోన్ యాప్‌లోకి ఎక్కించి, ఇంటివారు సరేనంటేనే లోపలికి వదులుతారు. ఇంట్లో పిల్లలను వదిలి ఉద్యోగాలకు వెళ్లే మాలాంటివారికి అది ధైర్యమే, కాదనను. కానీ మావారి మేనమామ, డెబ్బై దాటిన మనిషి, పొలంలో పండిన పల్లికాయ మూట భుజాన వేసుకుని బస్సు దిగి నడిచి వస్తే, మా ఇంటి నంబరు ఆయనకు తెలియదన్న కారణంతో, నా ఫోను మీటింగులో ఆఫ్‌లో ఉన్నందుకు, ఆయనను ఎండలో నిలబెట్టారు. అదే సమయంలో మంచి కారులో వచ్చిన ఒక ఏజెంటుకు అద్దం దించకుండానే గేటు లేచిందని ఆయనే చెప్పారు. పనిమనుషులు బయటికి వెళ్లేటప్పుడు సంచీలు తెరిచి చూపించాలన్న నిబంధన కూడా ఉంది. నేను సంఘం సమావేశంలో దాన్ని వ్యతిరేకించాను, ఓటింగులో ఓడిపోయాను. మళ్లీ ఎత్తుతాను.

ఇప్పుడు నీళ్లు. పాలమూరు నేల గురించి తెలిసినవారికి కొత్తగా చెప్పాల్సింది లేదు, నగరం నుంచి వచ్చేవారికి చెప్పాలి. ఇక్కడ కింద ఉన్నది గట్టి రాయి, బోరు నీరు రాతి పగుళ్లలో దొరికినంతే. మార్చి దాటితే కాలనీ బోర్లలో కొన్ని గాలి కక్కుతాయి, ట్యాంకర్లు మొదలవుతాయి, ఈత కొలనుకు తాళం పడుతుంది. ఆ నీరు కూడా బాగా ఉప్పు నీరు. గీజరు విప్పి చూస్తే లోపలి కాయిలు మీద గుడ్డు పెంకులా తెల్లటి పొర గట్టిపడి ఉంటుంది, స్టీలు గిన్నె తుడవకుండా ఆరబెడితే చుక్క చుక్కకూ మచ్చ పడుతుంది. పక్కనున్న గ్రామంలో నల్లాలకు మిషన్ భగీరథ నీరు వస్తోంది. కాలనీ సంపులోకి ఆ నీరు రావాలంటే విడిగా అనుమతి, కనెక్షను కావాలి. ఆ దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఇల్లు చూడటానికి వచ్చేవారు బోర్లు ఎన్ని ఉన్నాయని అడిగి ఊరుకుంటారు. మే నెలలో ఎన్ని పనిచేశాయి, నెలకు ట్యాంకర్ల బిల్లు ఎంత వచ్చింది అన్న రెండు ప్రశ్నలు అడిగి, సంఘం లెక్కల పుస్తకం చూపించమనండి. తాగడానికి ఏ యంత్రం పెట్టుకున్నా ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. పక్కనున్న నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్లు తెచ్చే జబ్బుతో తరాల పాటు ఎంత నలిగిపోయిందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

అసలు ఖర్చు ఇంటి ధరలో ఉండదు, రోడ్డు మీద ఉంటుంది. షాద్‌నగర్ నుంచి హైదరాబాద్ యాభై కిలోమీటర్ల పైమాటే. మావారు ఉదయం ఏడు కొట్టేసరికి ఇల్లు వదులుతారు. బెంగళూరు రహదారి మీదుగా కొత్తూరు, అక్కడి నుంచి శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి గచ్చిబౌలి. రాయికల్ టోల్‌గేటు షాద్‌నగర్‌కు అవతల, జడ్చర్ల దారిలోని బాలానగర్ వైపు ఉండటం వల్ల నగరానికి వెళ్లేవారికి దాని బాధ లేదు గానీ ఔటర్ టోలు తప్పదు. ఆ రహదారిని 2023లో ముప్పై ఏళ్ల పాటు ప్రైవేటు సంస్థకు అప్పగించారు, టోలు పెరుగుతూనే ఉంది. ఔటర్ ప్రధాన రహదారి మీదకు ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి బైకు మీద గచ్చిబౌలికి వెళ్లి రావచ్చు అనుకునే కుర్రవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. దారి బాగున్న రోజు ప్రయాణం హాయిగానే సాగుతుంది. అయితే జాతీయ రహదారి మీద ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లు, పక్క పరిశ్రమల ముందు వెనుక దీపాలు లేకుండా నిలిపిన లారీలు, డిసెంబరు తెల్లవారుజామున కమ్ముకునే పొగమంచు, ఈ మూడూ కలిసే కాలంలో ఆయన ఆఫీసు చేరి ఫోను చేసేదాకా ఇంట్లో నాకు, అత్తమ్మకు మనసు కుదుటపడదు. వారానికి రెండు మూడు రోజులు ఇంటి నుంచే పనిచేసే వీలు లేని ఉద్యోగికి గచ్చిబౌలి నుంచి ఇంత దూరం కాపురం పెట్టమని నేను చెప్పలేను. పిల్లల కోసం అని కొన్న ఇంట్లో ఆ పిల్లలు నిద్రపోయాక చేరే తండ్రులు మా వీధిలో ఉన్నారు.

నా సంగతి అంత కష్టంగా లేదు. శంషాబాద్‌కు నేను చాలా రోజులు బస్సులోనే వెళ్తాను. షాద్‌నగర్‌లో డిపో ఉంది, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే బస్సులు కూడా ఈ దారినే ఆరాంఘర్ మీదుగా నగరంలోకి వెళ్తాయి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు. ఆ జీరో టికెట్టు వచ్చాక మా కాలనీలో పనిచేసే ఆడవాళ్ల పరిధి పెరిగింది. అంతకు ముందు రెండు ఊళ్ల నుంచే వచ్చేవారు, ఇప్పుడు జడ్చర్ల వైపు నుంచి కూడా వస్తున్నారు. కాకపోతే బస్సు ఆగే చోటి నుంచి కాలనీ గేటు దాకా ఉన్న దారిలో దీపాలు లేవు. కాలినడక దారి లేదు. సంధ్య దాటితే ఆటో కోసం ఎదురుచూడాల్సిందే. కోట్లు పెట్టి ఇళ్లు కొన్న మేము ఆ కొంచెం దూరానికి నాలుగు దీపస్తంభాలు వేయించుకోలేకపోవడం సిగ్గుచేటు. గేటు బయటిది పంచాయతీ బాధ్యత అని సంఘం అంటుంది, కాలనీవాళ్లకు కార్లున్నాయి కదా అని పంచాయతీ అంటుంది. రైలు మీద ఆశ పెట్టుకున్నవారికి ఒక మాట. సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల మార్గం రెండు లైన్లుగా మారి, విద్యుదీకరణ పూర్తయి, 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. లైను సిద్ధంగా ఉన్నా నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ మాత్రం శంషాబాద్ దగ్గరి ఉందానగర్‌లోనే ఆగిపోయింది. దాన్ని షాద్‌నగర్ దాకా పొడిగిస్తే ఈ సమీక్షలో పై పేరా మొత్తం కొట్టివేస్తాను. అప్పటిదాకా బ్రోచర్లలో ముద్రించిన రైలు బొమ్మను నమ్మి డబ్బు కట్టవద్దు. ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగం షాద్‌నగర్ మీదుగా వెళ్తుందని చెప్పి ధర పెంచేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆ రోడ్డు వల్ల భూమి ధర పెరగవచ్చు, మీ వారు ఇంటికి త్వరగా రారు.

కాలనీవాళ్లలో చాలామంది కూరగాయలకు కూడా ఫోన్లో ఆర్డరు పెట్టి, అవి రాకపోతే ఆదివారం కారులో శంషాబాద్ దాటి మాల్‌కు వెళ్లి వారానికి సరిపడా తెచ్చుకుంటారు. పక్కనే అన్నీ దొరికే పాత పట్టణం ఉండగా ఈ తిప్పలెందుకో నాకు అర్థం కాదు. షాద్‌నగర్ మార్కెట్లో పొద్దున్నే చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే తోటకూర, గంగవాయిలికూర, చిక్కుడు ముందు ఆ ఫ్రిజ్ సరుకు ఎందుకూ పనికిరాదు. దసరా, దీపావళి మధ్య రహదారి పక్కన గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర సీతాఫలాలు కొనండి. దేశమంతా పేరు పొందిన బాలానగర్ రకం పుట్టిన చోటు షాద్‌నగర్ దాటితే వచ్చే ఆ బాలానగరే. కండ్లు విచ్చుకున్న కాయలు ఆ పూటకు, ఇంకా దగ్గరగా ఉన్నవి మూడో రోజుకు అని వాళ్లే విడివిడిగా ఏరి ఇస్తారు. సాయంత్రం చౌరస్తా దగ్గర కట్టెల పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టెలు మా ఇంట్లో వారానికి నాలుగు పూటల తిండి. జాకెట్టు కుట్టేవారు, మిక్సీ బాగుచేసేవారు, జ్వరానికి మందు రాసే డాక్టరు అందరూ పది, పదిహేను నిమిషాల్లో అందుతారు. పెద్ద జబ్బుకు మాత్రం శంషాబాద్, అత్తాపూర్ ఆసుపత్రుల దాకా పోవాల్సిందే. గుండె జబ్బు ఉన్న పెద్దలతో ఉండేవారు అర్ధరాత్రి ఆ దారి ఎంతసేపు పడుతుందో ఒకసారి స్వయంగా చూసుకోవాలి. పిల్లల బడులు పట్టణంలోనూ, శంషాబాద్ వైపూ ఉన్నాయి. పేరున్న బడి కోసం పిల్లవాడిని రోజుకు రెండున్నర గంటలు బస్సులో తిప్పడం కంటే దగ్గరి బడిలో వేసి సాయంత్రం ఆడుకోనివ్వడమే మేమైతే ఎంచుకున్నాము.

కొనాలనుకునేవారు ముందు ఒక ఏడాది అద్దెకు ఉండి చూడటం ఉత్తమం. పెట్టుబడికి కొని ఖాళీగా ఉంచిన ఇళ్లు ప్రతి కాలనీలోనూ ఉన్నాయి కాబట్టి అద్దె నగరంతో పోలిస్తే చాలా తక్కువ. సామాన్లతో దిగేవారికి యజమానులు బేరానికి కూడా ఒప్పుకుంటారు. ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం రావద్దు, ఆ పూట ఈ దారి అందరికీ అందంగానే కనిపిస్తుంది. సోమవారం ఉదయం ఏడింటికి కాలనీ గేటు దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి మీ ఆఫీసుకు బయలుదేరండి. సాయంత్రం మళ్లీ అక్కడికే రండి. వచ్చేటప్పుడు పెద్దవారిని కూడా వెంట తెచ్చుకుని, ఏజెంటు మాటలు వినే పని మీరు చూసుకుంటూ, ఆ వీధిలో ఎవరితోనైనా మాట్లాడమని వారిని వదిలేయండి. నీళ్ల సంగతి, గోడల సంగతి ఏజెంటు కంటే వారే ముందు తెలుసుకుని వస్తారు.